రిపేరు కాదు, కొత్త ఆస్తి

బెంగళూరు చిక్కపేటలో చీరల గోదాము పైన, రెండో అంతస్తులో కూర్చుని మునినారాయణప్ప ముప్పై ఏళ్లుగా వ్యాపారుల పన్ను లెక్కలు చూస్తున్నాడు. వచ్చేవాళ్లంతా బట్టలవాళ్లు, ఇనుప సామాన్లవాళ్లు. ఒక్క శాంతమ్మకే ఓడ ఉంది. మంగళూరు రేవులో సరుకులు మోసే చిన్న ఓడ. దాన్ని కొన్న మూడేళ్లకే భర్త పోతే, బెంగళూరులోనే ఉండి ఫోన్ల మీద నడుపుకొస్తోంది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఓడ రేవులో ఆగి ఉన్నప్పుడు ఇంజన్ విప్పించి, అరిగిన పిస్టన్లు, బేరింగులు మార్పించింది. ఇరవై రెండు లక్షలైంది. మునినారాయణప్ప దాన్ని రిపేరు ఖర్చు కింద రాసి ఆ ఏటి ఆదాయంలోంచి తీసేశాడు. పన్ను శాఖ ఒప్పుకోలేదు. ఇన్ని భాగాలు మారిస్తే అది రిపేరు కాదు, కొత్త ఆస్తి, ఆ ఖర్చును ఆదాయంలోంచి ఏటా కొంత కొంతే తగ్గించుకోవాలని నోటీసు పంపింది.

ఒకప్పుడైతే ఆయన అరిగిన పిస్టన్ తీసుకెళ్లి ఆఫీసరు బల్ల మీద పెట్టేవాడు. ఇప్పుడు ఆ ఆఫీసరు ఏ ఊళ్లో ఉంటాడో కూడా తెలియదు. వీడియో విచారణలో అవతలి ముఖం కనిపించలేదు.

"సార్, ఇంజన్ అదే. నంబరూ అదే. శక్తి పిసరంతైనా పెరగలేదు" అంటుండగానే లైను తెగింది. మళ్లీ కలిశాక, "రాసి పంపండి" అందొక గొంతు.

మెకానిక్ పత్రం, ఫొటోలు జతచేసి పదిహేను పేజీలు పంపాడు. 'సమాధానం సంతృప్తికరంగా లేదు' అన్న ఒక్క ముక్కతో, అదనపు పన్ను కట్టమని ఉత్తర్వు వచ్చింది.

శాంతమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"వాళ్లు ఓడ చూసినారా అన్నా?"

"చూడలేదమ్మా."

"మరి కొత్తదని ఎట్ల చెప్పినారు?"

ఆయన ఉత్తర్వును ఫైల్లో పెట్టాడు. "అప్పీలు వేస్తాం తల్లీ. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను. అంతవరకూ వాళ్లు వసూలు చేయకుండా ఆగాలంటే ఆ పన్నులో ఐదో వంతు ముందే కట్టల్ల."

"యాడ్నించి తెచ్చేది? ఉండేదంతా ఆ ఇంజన్లోనే పోసినా గదా."

ఫీజు తీసుకోకుండా అప్పీలు వేశాడు. ఆ ఐదో వంతు కట్టలేదని రెండు నెలలకు పన్ను శాఖ ఆమె బ్యాంకు ఖాతాను స్తంభింపజేసింది. జీతాలందక పనివాళ్లు దిగిపోయారు. ఓడ కదలలేదు.

కార్తీకంలో శాంతమ్మ ఫోన్ చేసింది. "ఓడ అమ్మేసినా అన్నా. కొన్నాయన ఇంజన్ చప్పుడు విని, భలే ఉండాదన్నాడు. బేరం గూడా ఆడలేదు."

మునినారాయణప్ప బీరువాలోంచి ఆమె ఫైలు తీశాడు.

"కాగితాలు పారేయొద్దమ్మా, అప్పీలు ఇంకా ఉంది" అన్నాడు.