లెక్కల గదిలో కెమిస్ట్రీ మేడమ్

ప్రసూతి సెలవు ముగించుకుని కాలేజీకి తిరిగొచ్చిన రోజే ఆమెను లెక్కల గదిలో కూర్చోబెట్టారు. "ఒక్క టర్మ్ చూసిపెట్టండమ్మా, కంప్యూటర్ బాగా వచ్చినవారు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ టర్మ్ ఇంకా అవలేదు. అప్పటి పసిగుడ్డు ఇప్పుడు చెప్పులు కుడిఎడమగా వేసుకుని, ఇవే సరైనవని వాళ్ళ నాన్నతో వాదించే వయసుకొచ్చాడు.

గది కెమిస్ట్రీ ల్యాబ్‌కి ఆనుకున్న పాత స్టోరు. కిటికీ లేదు. ఒక మూల మూతి విరిగిన ఫ్లాస్కులు, ఇంకో మూల ఆమె, మధ్యలో కంప్యూటరు. ఏ కోర్సులో ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎవరు ఏ పేపరు దగ్గర ఆగిపోతున్నారు, అన్నీ ఆమే తేల్చాలి. పని చెడ్డదేమీ కాదు. మొదటి ఏడాది మ్యాథ్స్‌లో తప్పేవాళ్ళలో ఎక్కువమంది పొద్దున బస్సు దొరక్క ఆలస్యంగా చేరేవాళ్ళేనని ఆమె పట్టిక వేసి చూపించాకే ఆ క్లాసు మధ్యాహ్నానికి మారింది. పిల్లలు గట్టెక్కారు. అప్పట్నుంచి ప్రిన్సిపాల్ గారు కుర్చీ జరపాలన్నా "లెక్కల గది ఏమంటోంది?" అని అడుగుతారు.

కానీ గోడకి అవతల ఎవరో పాఠం చెబుతుంటే ఆమెకి చేతులు ఊరుకోవు. ఖాళీ కాగితం మీద సమీకరణాలు రాసుకుంటూ కూర్చుంటుంది.

ఈ ఏడు మొదటి ఏడాది కెమిస్ట్రీ చెప్పే పెద్దాయన రిటైరవుతున్నారని తెలిసి, ఆమె ఆగలేక ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"ఆ క్లాసు నాకివ్వండి సార్. నేను టీచర్ని. గుమాస్తాని కాదు."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇద్దును. కానీ పాత ఫలితాలు చూడకుండా ఎవరికీ క్లాసు ఇవ్వకూడదని పద్ధతి పెట్టించింది మీరే కదమ్మా? చూశాను. అందరికన్నా అడుగున మీ సెక్షనే ఉంది."

"నాకెప్పుడూ చివరి సెక్షనే ఇచ్చేవారు సార్! తక్కువ మార్కులతో చేరినవాళ్ళందరూ అందులోనే. పాస్ శాతం చూసి పోల్చితే ఎలా?"

"అయితే ఎలా పోల్చాలో అలా పోల్చి తీసుకురండి. మిమ్మల్ని మించినవాళ్ళెవరున్నారు దానికి?"

ఆమె సంబరంగా వెనక్కి వచ్చింది. తన దగ్గర చదివిన పిల్లల్ని ఒక్కొక్కరినీ తీసుకుని, చేరేటప్పుడు అవే మార్కులుండి వేరేవాళ్ళ దగ్గర చదివిన పిల్లలతో జత కలపడం మొదలుపెట్టింది. ల్యాబ్ అసిస్టెంట్ తలుపులోంచి తొంగిచూశాడు. ఆయన్ని ఆమె బాబాయ్ అంటుంది.

"ఏంటమ్మాయ్, మొహం వెలిగిపోతోంది?"

"నా క్లాసు నాకొచ్చేస్తోంది బాబాయ్. నా పాఠమంటే పిల్లలు ఎలా నవ్వుతూ వినేవాళ్ళో గుర్తుందా?"

"ఎందుకు లేదూ! పెద్దాయన క్లాసులోనూ అలాగే నవ్వేవాళ్ళు. ఆయన నిద్రపోతుంటే."

ఆమె కూడా నవ్వింది. మర్నాటికి జవాబు వచ్చింది. తేడా లేదు. ఆమె దగ్గర చదివిన పిల్లలు ఎంత ఎదిగారో, పెద్దాయన దగ్గర చదివిన పిల్లలూ సరిగ్గా అంతే ఎదిగారు.

తప్పు ఎక్కడో ఉందనుకుని మళ్ళీ వేసింది. అదే జవాబు. అప్పుడు గుర్తొచ్చింది. కడుపుతో ఉన్న ఏడాది వాంతులతో ఎన్నో క్లాసులకి వెళ్ళనే లేదు. ఆ ఏడాదిని తీసేసి చూసింది. గ్రాఫులో తన గీత కాస్త పైకి లేచింది. ఆ క్లాసు దక్కేంత పైకి.

సాయంత్రం పిల్లాడికి అన్నం తినిపిస్తూ ఆ సంగతి భర్తతో చెప్పింది.

"తీసెయ్యి మరి. నువ్వు చెప్పని పాఠానికి నిన్ను తూచడం ఏం న్యాయం?"

"లెక్క వేయకముందు ఆ ముక్క తోచి ఉంటే తీసేసేదాన్ని. జవాబు నచ్చక తీస్తున్నాను. ఫిజిక్స్ హెడ్ ఇలాగే ఒక బ్యాచ్ తీసేసి తెస్తే మొహం మీదే వెనక్కిచ్చాను. నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదాయన."

"ఇప్పుడు నీతో నువ్వే మాట్లాడటం మానేస్తావా?"

"వేళాకోళమా? తీస్తే అబద్ధం, తీయకపోతే ఆ కొట్టుగది. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని."

 పిల్లాడు ముద్ద దవడన పెట్టుకుని ఆమె మొహంలోకే చూస్తున్నాడు. మింగరా అంది ఆమె. గొంతుకి అడ్డంపడుతుందేమోనని భయమేసి నీళ్ళు అందించింది.

మర్నాడు ఏ ఏడాదీ తీయని పట్టికనే ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు.

"అంటే మీరు బాగా చెబుతారనా, చెప్పరనా?"

"అందరిలాగే చెబుతాను సార్." ఆ మాట అనడానికి ఆమెకి రాత్రంతా పట్టింది.

ఆయన పట్టిక పక్కన పెట్టి ఆమె వైపు కొత్తగా చూశారు. "అందరిలా చెప్పేవాళ్ళు బోలెడంతమంది దొరుకుతారమ్మా. తనకే ఎదురు తిరిగే లెక్క తెచ్చి నా చేతిలో పెట్టే మనిషి ఈ కాలేజీలో ఇంకొకరు లేరు. మిమ్మల్ని ఆ గదిలోంచి ఎలా కదపమంటారు?"

 ఆమె లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఎవరు చెప్పినా ఒకటేనని కదా సార్ అందులో ఉంది? అలాంటప్పుడు నేను చెబితే పిల్లలకి నష్టమేమీ లేదు. నాకు మాత్రం చాలా తేడా ఉంది."

ఆయన మనస్ఫూర్తిగా నవ్వారు. "ఇది వాదనంటే! వట్టి మాటలతో కమిటీ ఒప్పుకోదు. మీరు క్లాసుకి పోతే లెక్కల గదికి ఏమవుతుందో కూడా చూడాలి. నాలుగేళ్ళ ఆధారాలతో ఒక నివేదిక కావాలి."

"ఎవరు తయారు చేస్తారు సార్?"

ఆయన ఆమె తెచ్చిన పట్టికనే తిరిగి ఆమె చేతిలో పెట్టారు.  ఆమె లెక్కల గదికి వచ్చి, లైటు వేసి, కుర్చీ ముందుకి లాక్కుంది.