మేక బాణీ ఎవరిది

మా పాప తాత దగ్గర మొదట నేర్చుకున్నది అక్షరాలు కాదు, మేక బాణీ. అప్పటికి దానికి నాలుగేళ్లు. ఆ బాణీకి మాటలు లేవు. క్లారినెట్ మేకలా అరిచే చోట పాప కూడా అరిచేది. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకునేది. ఆ ఆగడం తప్పితే మామయ్యగారు ఊరుకునేవారు కాదు.

"అక్కడ ఆగాలమ్మా. ఆగకపోతే నవ్వు రాదు," అనేవారు.

నవ్వు రప్పించడమే ఆయన ఉద్యోగం. విజయనగరం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే మద్రాసు వెళ్లి, సినిమా స్టూడియోల్లో ఆర్కెస్ట్రా కూర్చేవారు. సంగీత దర్శకుడు ఒక వరస కూనిరాగం తీసి వెళ్లిపోతే, ఏ వాద్యం ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఊరుకోవాలో ఈయన కూర్చుని స్వరాలు రాసేవారు. దొంగ గోడ దూకితే జలతరంగం, లావుపాటి షావుకారు మెట్లు దిగితే ట్రాంబోను. తలనూనె ప్రకటనలకీ, హాల్లో ఇంటర్వెల్‌కీ, నాటకాల మధ్య తెర దించినప్పుడూ వాయించే తేలికపాటి సంగీతం కూడా ఆయన చేతిదే. పేరు మాత్రం ఎప్పుడూ ఇంకొకరిది. అన్ని వాద్యాలూ ఒక్కటే పలికే ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాక ఆ పనీ పోయింది.

ఒక్క మేక బాణీకే గ్రామఫోను రికార్డు మీద 'స్వరకల్పన' అని ఆయన పేరు పడింది. రేడియోలో కార్యక్రమాల మధ్య ఖాళీ మిగిలితే ఆ రికార్డు వేసేవారట. మా వారికి అరకులో కాఫీ తోటల ఆఫీసులో ఉద్యోగం కావడంతో, ఆఖరికి ఆయన మా దగ్గరికి వచ్చి ఉన్నారు.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి ఒక క్యాసెట్ల కంపెనీ అతను ఫోన్ చేశాడు. పాత హాస్య వాద్య సంగీతమంతా ఒక క్యాసెట్‌గా వేస్తున్నాం, మొదటిది మీ మేక బాణీయే, స్వరకర్తగా మీ పేరు, మీ ఫోటో వేస్తాం అన్నాడు. ఆ రోజు నుంచి మామయ్యగారు ఉదయమే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. ఎవరింటికి వెళ్లినా రెండో మాటగా క్యాసెట్ సంగతి ఎత్తేవారు. అంత ఆశ నేను ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. ఆ రోజుల్లో కొండ ఊళ్లలో మగవాళ్లు వేటకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చే బండినల్లా ఆపి, పాడి, చిల్లర పుచ్చుకుని గాని వదలరు. పాపకి జ్వరం తగలడంతో డాక్టరుకి చూపించి జీపులో వస్తున్నాం. దుంగ దగ్గర ఆపేశారు. ఆ గుంపులో మా ఇంటికి కూరలు తెచ్చే ఆమె కూడా ఉంది. వాళ్లు పాడుతుంటే నా ఒళ్లో వాడిపోయి పడుకున్న పాప లేచి కూర్చుని, సరిగ్గా మధ్యలో మేకలా అరిచింది, ఆగింది, మళ్లీ అందుకుంది. వాళ్లూ అక్కడే ఆగారు. అక్కడే దుంగ మీద రెండు దెబ్బలు వేశారు.

"ఓలమ్మ, ఈ గుంటకి మా పాట ఎలాగొచ్చినాదే," అంది కూరలామె నవ్వుతూ.

"మీ పాటా?"

"మాది కాక మరెవులిది? మాయమ్మ పాడీది, మా యమ్మమ్మా పాడీది. దుప్పిని తెత్తానని వేటకెళ్లినోడు పక్కూరోడి మేకని తెచ్చినాడంట. దుప్పే దుప్పే అని పెళ్లానికి సెప్తే, ఆ మేక అరిసేసినాదంట."

జీపులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బాణీ కలవడం ఒక ఎత్తు. మేక కూడా కలిసింది.

ఇంటికొచ్చి మా వారికి చెప్పాను. "రేడియోలో విని వీళ్లే నేర్చుకునుంటారు. అప్పట్లో పంచాయతీ ఆఫీసుల దగ్గర రేడియో పెట్టేవారు. ఆయన దగ్గర మాత్రం అనకు," అన్నారు. అలాగైనా కావచ్చు. కానీ నా మనసు ఒకసారి ఒక దారి పట్టిందంటే పాప జ్వరమైనా, ఇదైనా ఒకటే, వెనక్కి రాదు. మామయ్యగారు మా దగ్గరికి వచ్చిన కొత్తలో ఒకామె ఎండిన ఆనపకాయ బుర్రలో చోడి అంబలి, అంటే రాగిజావ, ఇచ్చింది. మా వారూ నేనూ ఎప్పుడు తాగినా బట్టల మీద ఒలకబోసుకునేవాళ్లం. ఆయన మాత్రం ఆ ఆనపబుర్రని మోచేతి మీద ఆనించి, చుక్క పడకుండా తాగారు. ఈ కొండలకి ఎప్పుడూ రాలేదన్న మనిషి. అడిగితే, "ఏదో షూటింగులో చూశానమ్మా," అన్నారు. ఆర్కెస్ట్రా వాళ్లు రికార్డింగు గది దాటి ఎండ మొహం చూసేవాళ్లు కారని చెప్పిందీ ఆయనే.

మర్నాడు మామూలుగా అడిగినట్టు అడిగాను. "మావయ్యగారూ, ఆ బాణీ మీకెలా తట్టింది?"

"మద్రాసులో ట్రాము ఎక్కినప్పుడు. గంట మోగుతుంటే తట్టింది."

వారం తిరక్కుండా మా వారి ఆఫీసు స్నేహితుడికి అదే కథ ఇంకోలా చెప్పారు. ట్రాము లేదు. హోటలు చూరు కింద వానకి నిలబడ్డారట. నేను లోపల వంకాయలు తరుగుతూ వింటున్నాను. ఆ రోజు నుంచి ఆయన ఏం చెప్పినా పక్కన ఇంకో కథ ఉందేమోనని చూసేదాన్ని. పాప ఆ బాణీ ఎత్తుకుంటే మాట మార్చి అన్నం తినమనేదాన్ని. తాత దానికిచ్చిన మొదటి వస్తువు ఎక్కణ్నుంచో ఎత్తుకొచ్చినదైతే, రేపు దానికి నేనేం చెప్పాలి? క్యాసెట్ మీద ఆయన ఫోటో పడ్డాక, కూరలామె అది చూస్తే ఏమంటుంది?

శుక్రవారం సంతకి పోతూ ఆమె మా ఇంటికి వచ్చింది. మామయ్యగారు గదిలో ఉన్నారు. వాకిట్లో కూర్చోబెట్టి, ఆ పాట ఒకసారి పాడవా, పాపకి నేర్పుతాను అన్నాను. పాపకోసం కాదని నాకు తెలుసు. ఆమె తట్ట ముందు పెట్టుకుని పాడింది. ఆగే చోట తట్ట మీద రెండు దెబ్బలు వేసింది. మామయ్యగారు సగం గీసిన గడ్డంతో బయటికి వచ్చారు.

"ఆ దెబ్బలెందుకు తల్లీ?"

"దుంగెత్తడానికి బాబూ. బండోడు ఇచ్చినాక దుంగ ఎత్తాల గదా. అదీ సైగ."

ఆయన అరుగు మీద కూర్చున్నారు. ఆయనే చెప్పారు. మద్రాసు వెళ్లకముందు ఒక నాటక కంపెనీలో హార్మోనీ వాయించేవారట. ఒరిస్సా సరిహద్దులో డ్యాము కడుతున్నప్పుడు అక్కడి కూలీలకి నాటకాలాడి లారీలో తిరిగొస్తుంటే ఇలాగే దుంగ అడ్డం పెట్టారు. కొండ ఊరి ఆడవాళ్లు పాడుతుంటే ఆయన హార్మోనీ పెట్టె తీసి వాయించారు. ఆ పెట్టెలో ఒక మెట్టు పలికేది కాదు. అక్కడ ఆగక తప్పేది కాదు.

"అయితే నువ్వు మా పాట ఎత్తుకుపోనావన్నమాట," అంది ఆమె, వక్క నములుతూ.

"ఏమో తల్లీ. నా పెట్టె ఆగిన చోట మీరు దుంగ మీద కొట్టారో, మీరు కొట్టిన చోట నా పెట్టె ఆగిందో. చాలా ఏళ్లు ఆలోచించాను. నాకే తెలీదు."

"ముసిలోడివైపోనావు, నీకేటి గ్యాపకముంటాది. ఆ దొండకాయలు తీసుకోమ్మా, బేగి పోవాల." తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆమెకి అది అంతకంటే పెద్ద సంగతి కాదు.

నాకు మాత్రం ఆ పలకని మెట్టు మీదే అనుమానం. ఇన్నేళ్లూ లేని మెట్టు ఇప్పుడే ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ దెబ్బలు విన్నాక కట్టిన కథా అది? పాప పడుకున్నాక ఇది రాస్తున్న ఇప్పటికీ నేను తేల్చుకోలేదు.

క్యాసెట్ అతను కెమెరాతో వచ్చాడు. ఫోటో తీశాక మామయ్యగారు అన్నారు, "మేక బాణీకి నా పేరు పక్కన స్వరకల్పన అని వెయ్యకు బాబూ. కూర్పు అని వెయ్యి."

"అదేంటి సార్, మరి స్వరకల్పన ఎవరని వెయ్యాలి?"

"ఇటుకల పండుగ ఆడవాళ్లు."

అతను నవ్వాడు. ఈయన నవ్వలేదు. పాతికేళ్లు ఎవరెవరి పాటలకో కూర్పు చేసి, ఉన్న ఒక్క స్వరకల్పనా తన నోటితోనే వదిలేసుకున్నారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నేను వింటున్నాననే అలా అన్నారా అనిపించింది. నేనక్కడ లేకపోతే ఏమనేవారో.

కొన్ని నెలలకి క్యాసెట్ వచ్చింది. అట్ట మీద ఫోటో లేదు. మిగిలిన బాణీలన్నిటికీ ఎవరెవరివో పేర్లున్నాయి. మేక బాణీ దగ్గర 'గిరిజన సంప్రదాయం' అని మాత్రం ఉంది. కూర్పు అన్న మాట లేదు, ఆయన పేరూ లేదు. మా వారు కోపంగా ఫోను దగ్గరికి నడిచారు. మామయ్యగారు వద్దని, ముందు క్యాసెట్ పెట్టమన్నారు.

బాణీ మొదలైంది. ఆయన కళ్లు మూసుకుని కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తూ విన్నారు. బాధపడుతున్నారో, బరువు దిగిందనుకుంటున్నారో తెలుసుకుందామని నేను ఆ ముఖం వంకే చూస్తున్నాను. అయిపోయాక కళ్లు తెరిచారు.

"క్లారినెట్ వాడు అర మాత్ర ఆలస్యంగా వచ్చాడు," అన్నారు. "రికార్డింగు రోజే చెప్పాను, వినలేదు. మళ్లీ పెట్టు."