హంసను తిన్నానన్న నాగూర్ బాషా

సికింద్రాబాదు చరిత్ర రాయబోయే పండితులకు నాదొక విన్నపం. కంటోన్మెంటు వెలసిన సంవత్సరంతోనే మొదలుపెట్టండి, కాదనను. రెండో అధ్యాయం మాత్రం కార్ఖానా బస్తీలో స్కూటర్ సీట్లు కుట్టే నాగూర్ బాషా నాలుకకు కేటాయించండి. ఎవరు ఏ పిట్ట పేరెత్తినా ఆయన కుట్టుమిషను ఆపి, గంభీరంగా "అది నేను తిన్న" అంటాడు.

అక్కడితో ఆగితే తిండిపోతనుకుని ఊరుకునేవాళ్లం. తిన్న ప్రతి పిట్టా ఆయనకో జబ్బు మిగిల్చి వెళ్లింది.

"గుడ్లగూబను తిన్న సార్. గప్పటిసంది పగలు కన్ను తెరుచుకోదు," అన్నాడోసారి, మిట్టమధ్యాహ్నం కళ్లు ఇంతింత చేసి.

"కొంగ?"

"తిన్న. బస్టాపుల నిలబడ్డనంటే ఒక్క కాలు దానంతటదే పైకి లేస్తది."

"నెమలి?"

"తోబా! జైలుకు పోతం సార్. అది తినలే." ఆ తర్వాత తల వంచుకుని మెల్లగా అన్నాడు. "మబ్బు పట్టినప్పుడు పాదాలు మాత్రం ఊకుంట లేవు."

ఒకే దేహంలో ఇన్ని రోగాలు ఇంత అన్యోన్యంగా కాపురం చేయడం వైద్యశాస్త్రం ఎరగదు.

పోయిన చలికాలం యాప్రాల్ చెరువులో ఓ తెల్లటి పక్షి దిగింది. హంస అన్నారు కొందరు. ఏదో ఫంక్షన్ హాలు నుంచి తప్పించుకొచ్చిన సీమబాతు అన్నారు ఇంకొందరు. ఫోన్లలో మాత్రం వేరే కబురు తిరిగింది: హంస సూపు తాగితే మోకాళ్ల నొప్పులు మాయమట.

మోండా మార్కెట్లో ఉల్లిగడ్డలమ్మే భద్రయ్య తల్లి దేవమ్మ ఆ నొప్పులతోనే మెట్లు దిగలేకపోతోంది. కబురు అందిన మర్నాడే భద్రయ్య ఓ గోనెసంచి పట్టుకుని బాషా దుకాణానికి వచ్చాడు. సంచిలోంచి పొడుగాటి తెల్లని మెడ లేచి, అక్కడే కూర్చున్న నన్ను ఎగాదిగా చూసింది.

"బాషా భాయ్, అన్ని పిట్టలు తిన్నోనివి. జెర చెప్పు, దీన్నెట్ల వండాలె?"

మిషను ఆగింది. బాషా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"హంసనా? తిన్న."

"తిన్నవా! ఎట్లుంటది?"

"రుచి ముచ్చట పక్కన పెట్టు. తిన్నంక చాయ్ తాగిన. కడుపులకు పోంగనే పాలు ఒక దిక్కు, నీళ్లు ఒక దిక్కు! హంస గుణం యాడికి పోతది? గంతే, చాయ్ బంద్."

భద్రయ్య సంచి మూతి గట్టిగా పట్టుకున్నాడు. "చాయ్ బందా? మా అమ్మకు నాలుగు గిలాసలు పడకపోతే తెల్లారదు. నన్ను ఇంట్లకు రానిస్తదా?"

"మజ్జిగ సుత ఆగదు భద్రన్నా."

"మజ్జిగ సుతనా! మరి ఆమె మోకాళ్లు?"

"రేపు ఎముకల డాక్టరు దగ్గరికి నేను తీస్కపోతా. ఆటో నేనే మాట్లాడతా. ముందుగాల ఆ సంచి గిటియ్యి."

బాషా స్కూటరు నడిపాడు. వెనక సీటు మీద సంచితో నేను. చెరువు గట్టున మూతి విప్పగానే ఆ పక్షి బాషా చేతిని కసిగా కొరికి, ఠీవిగా నీళ్లలోకి దిగింది.

ఇంటి దగ్గర ఆయన భార్య షాగుఫ్తా గాయానికి పసుపు అద్దుతోంది. బాషా రెండో చేత్తో చాయ్ తాగుతున్నాడు. పాలు, నీళ్లు కలిసే వెళుతున్నట్టున్నాయి.

"ఈయన రోగాలకు మందేదైనా వాడుతున్నారా చెల్లెమ్మా?" అన్నాను.

"రోగాలేంది అన్నా! కోడిని కోస్తుంటే చికెన్ దుకాణం బయట చెవులు మూసుకుని నిలబడతడు. పిట్టల్ని చంపొద్దు అంటే ఎవ్వరన్న ఇంటరా? రోగమొస్తదంటే ఇంటరని గీ కథలన్నీ."

"ఏయ్, ఊకో," అన్నాడు బాషా, గ్లాసు వెనక మొహం దాచుకుని.

మర్నాడు దేవమ్మను ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే.

షాగుఫ్తాను విచారించగా తేలింది: పక్షిజాతికి సంబంధించి నాగూర్ బాషా ఇంతవరకు తిన్నది కోడిగుడ్డు ఒక్కటే. అదీ పచ్చసొన తీసేస్తేనే.