పదమూడో రాత్రి నిద్ర

మొన్న ఇఫ్తార్ అయ్యాక మగ్రిబ్ నమాజు చదివి, మోకాళ్లకు మందు రాసుకుని, ఒక్క నిమిషమే కదా అని సోఫాలో ఒరిగాను. మెలకువ వచ్చేసరికి గదిలో లైటు లేదు. కాళ్ల మీద దుప్పటి ఉంది, భుజం మీద మా కోడలి చెయ్యి ఉంది. "అమ్మీ, లేవండి. ఇషా నమాజుకు టైమైంది," అంటోంది. దుప్పటి కప్పిందీ, లైటు తీసేసిందీ కూడా తనేనట. మరి నిద్రపుచ్చినదానివి మళ్లీ ఎందుకు లేపావని అడగబోయి ఊరుకున్నాను. ఆ ప్రశ్న అడిగే ముందు నా వైపు నుంచి చెప్పుకోవలసింది ఒకటుంది. రంజాన్ నెల చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తుంది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, వానల్లో, చలిలో, ఎండల్లో తిరిగి, ముప్పై మూడేళ్లకు గానీ బయల్దేరిన కాలానికి చేరుకోదు. ఈసారి మామిడి పూత మీద ఉండగా వచ్చింది. ఇంతకుముందు ఇలా పూత కాలంలో వచ్చినప్పుడు మా ఇంట్లో కోడల్ని నేను.

అప్పుడు మేం కొత్తపేటలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన పండ్ల మార్కెట్లో గుమాస్తా. ఆయన చొక్కాకు ఏ కాలం పండు వాసన ఆ కాలంలో వచ్చేది. ఇప్పుడా మార్కెట్టే అక్కడ లేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడిలో తెలుగు టీచర్ని. ముస్లిం పిల్ల తెలుగు చెప్పడమేమిటని హెడ్‌మాస్టరు మొదటి రోజు నన్ను రెండుసార్లు చూశారు, నా చేత పద్యం చదివించుకున్నాక మూడోసారి చూడలేదు. ఇంట్లో మా అత్తగారు. నల్లగొండ దగ్గర పల్లె మనిషి, ఉర్దూ కంటే తెలుగే ఆమెకు నోటికి దగ్గర. ఆమె వచ్చిందంటే వంటింట్లో ఉప్పు డబ్బా కూడా సర్దుకుని కూర్చుంటుందని మా ఆయన వేళాకోళం చేసేవాడు. నేను మాత్రం వేళాకోళానికి ధైర్యం చేసేదాన్ని కాదు. నిజానికి నన్ను ఒక్క మాట అనేది కాదు. అనకుండానే భయపెట్టే మనుషులు కొందరుంటారు.

రంజాన్‌లో ఇషా నమాజు తర్వాత తరావీహ్ ఉంటుంది. ఇరవై రకాతులు, అంటే ఇరవై సార్లు నిలబడి, వంగి, నేలకు నుదురు ఆనించడం. ఐదు పూటల నమాజులాగా విధి కాదు, మనిషి తనంతట తాను నిలబడేది. ఖురాన్ మొత్తం కంఠస్థం వచ్చిన హాఫిజ్ ముందు నిలబడి రోజుకింత చొప్పున నెలలో అంతా వినిపిస్తాడు. మా అత్తగారికి ఆ భాగ్యం ఎన్నడూ కలగలేదు. ఆమె ఊళ్లో హాఫిజ్ లేడు, పట్నం వచ్చాక మా దగ్గరి మసీదుల్లో ఆడవాళ్లకు చోటు లేదు. అందుకని ఇంట్లోనే, ఖురాన్ అధ్యాయాల్లో తనకు వచ్చిన చివరి పది చిన్న సూరాలూ రెండేసి సార్లు చదువుకుని ఇరవై పూర్తి చేసుకునేది. "ఫరిష్తాలకు నా పది ఎప్పుడో బట్టీ వచ్చి ఉంటయి," అనేది, వినే దేవదూతల్ని తలుచుకుని. ఒక్కసారి, చచ్చేలోగా ఒక్కసారి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా వరసలో నిలబడి వినాలని ఆమె కోరిక. నగలడగని, తీర్థాలడగని మనిషి అడిగింది అదొక్కటే.

ఆ ఏడు ఆ కోరిక తీరే దారి మేడ మీద దొరికింది. మా ఓనర్లు పోచంపల్లి వాళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. పైన కొత్తగా పెద్ద హాలు కట్టి, ప్లాస్టరింగ్‌కు ముందు ఆగిపోయి ఉన్నారు. మా గల్లీలోని నాలుగైదు ముస్లిం కుటుంబాలు ఒక హాఫిజ్ సాబ్‌ను మాట్లాడుకుని, చోటు కోసం వెతుకుతుంటే, నెలంతా వాడుకోమని ఓనరమ్మే తాళం చెవి తెచ్చి ఇచ్చింది. ఆడవాళ్లకు వెనక పరదా కావాలంటే దుకాణంలో అమ్ముడుపోని చీరలు మూడు తెచ్చి తాడు మీద ఆరేసింది. అందులో ఒకదాని మీద వరసగా చిలకలున్నాయి. నమాజులో ఎదురుగా బొమ్మలుండకూడదని మా అత్తగారు ఎలా చెప్పాలో తెలియక, చిలకలు చానా బాగున్నయి, బాగున్నయి అని నాలుగుసార్లు అంది. ఐదోసారికి ఓనరమ్మకు అర్థమై, నవ్వుకుంటూ పోయి గళ్ల చీర తెచ్చింది. ఆ నెలంతా మెట్ల మీద కూర్చుని ఆమె కూడా వినేది. అర్థం కాకపోయినా గొంతు బాగుందనేది. అరబ్బీ గనక అర్థం మా వరసలోనూ ఎవరికీ కాదులెండి.

అర్థం కోసమే మా అత్తగారు నన్ను పట్టుకుంది. బడి నుంచి రాగానే ఆ రాత్రి చదవబోయే భాగాన్ని తెలుగు అనువాదం పుస్తకంలోంచి చదివి వినిపించాలి. అలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం పుస్తకం నాలుగు పేజీలు ముందుకు తిప్పి మర్యం సూరా ఎప్పుడొస్తుందని అడిగింది. ఖురాన్‌ను పారాలని ముప్పై భాగాలు చేశారు; హాఫిజ్ సాబ్ రోజుకు ఒకటింపావు పారా చదువుతున్నాడు, అది పదహారో పారాలో ఉంది, లెక్క వేస్తే పదమూడో రాత్రికి వస్తుంది. మర్యమ్మ, చర్చిలో కొలిచే మరియమ్మే, నొప్పులొచ్చి, మనుషులకు దూరంగా, ఒంటరిగా ఖర్జూర చెట్టు మొదలు ఆనుకుని బిడ్డను కనే ఘట్టం మా అత్తగారికి ఎవరో ఎప్పుడో చెప్పారట. "ఖర్జూరమంటే మన ఈత చెట్టసొంటిదే గద," అని కుడి అరచెయ్యి చాపి చూపించింది. మధ్యలో పాత ముల్లు మచ్చ. కలుపు తీయబోయిన చోట నొప్పులు మొదలై, మంత్రసాని వచ్చేలోగా, ఈత చెట్టును పట్టుకుని చేనుగట్టు మీద మా ఆయన్ను కన్నదట. ఆ మాట అప్పటిదాకా నాతో అనలేదు, మా ఆయనకు కూడా తెలియదు. ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు కొంచెం భయం తగ్గింది.

పదమూడో రాత్రి నాటికి ఆమెకు జ్వరం తగిలి రెండు రోజులు. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. దవాఖానకు రమ్మంటే రాలేదు, రోజా ఉపవాసం విడవమంటే వినలేదు. ఇఫ్తార్‌లో గంజి నాలుగు గుక్కలు తాగి, జపమాల పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని అట్లాగే నిద్రపోయింది. ఇషా వేళయింది. పైన మెట్ల మీద అడుగుల చప్పుడు. నేను ఆమె మొహం చూశాను, ఆ పాదాలు చూశాను. దుప్పటి కప్పాను, లైటు తీశాను, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, నేను మాత్రం పైకి వెళ్లాను. ఏది ఏ రాత్రో నాకు తెలియక కాదు. లెక్క వేసి చెప్పిందే నేను. మనిషి కంటే ఒక రాత్రి ఎక్కువా అనుకున్నాను. ఎంత మంచి కోడల్నో కదా అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. పోనీ ఆమె బదులు నేనైనా శ్రద్ధగా విన్నానా అంటే, దిద్దవలసిన పరీక్ష పేపర్లు గుర్తొస్తూ నిలబడ్డాను.

కిందికి దిగి వచ్చేసరికి ఆమె లేచి, చీకట్లో, తల మీద దుపట్టా సర్దుకుని కూర్చుని ఉంది. అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తెల్లవారుజామున, ఉపవాసానికి ముందు తినే సహరీకి రొట్టె కాలుస్తుంటే పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా అంది:

"జాలిపడి పండవెట్టినవ్ బిడ్డా, నాకు తెలుసు. గానీ జాలి నేనడగలె. గా రాత్రి అడిగిన."

మా ఆయన హాఫిజ్ సాబ్‌ను అడిగితే, ఆయన మంచివాడు, మనసులో అనుకున్నాక ఫలితం దక్కినట్టేనన్నాడు. పైగా ఒక మధ్యాహ్నం వచ్చి పరదా అవతల కూర్చుని ఆ పారా మొత్తం చదివి వినిపించాడు. అత్తగారు కళ్లు మూసుకుని విని, ఆయనకు సంచీ నిండా సంత్రా పండ్లు ఇచ్చి పంపింది. ఇప్పుడు సరిపోయిందా అమ్మీ అని ఆశగా అడిగాను. "ఇనుడు వేరు, నిలవడి ఇనుడు వేరు," అంది. హాఫిజ్ సాబ్ చివర్లో కాస్త నెమ్మదించి చదవడంతో, ఇరవై ఏడో రాత్రి ఖురాన్ పూర్తయి అందరూ మిఠాయి పంచుకున్నారు. ఆమె తన వాటా నా చేతిలో పెట్టింది. ఎత్తిపొడుపేమో అనుకున్నాను, కాదు. ఆమెకు అలాంటివి రావు.

మళ్లీ ఏడాది తొలిరోజు నుంచీ నిలబడతానంది. కానీ ఆ ఏడాదికి పై హాలు మధ్యలో అడ్డగోడలు లేచి, గదులై, కోచింగ్ పిల్లల హాస్టల్ అయింది. చెప్పడానికి వచ్చిన ఓనరమ్మ మా అత్తగారి మొహం చూడలేక నా మొహం చూస్తూ మాట్లాడింది. తప్పేముంది, కట్టుకున్న ఇల్లు వాళ్లది. మా అత్తగారు తిరిగి తన పది సూరాలకు వచ్చింది. ఆ తర్వాతి రంజాన్ ఇంకో నెలుందనగా పోయింది. పోయే ముందు నన్ను దగ్గరకు పిలిచి ఆ ముల్లు మచ్చ చెయ్యి నా చేతిలో పెట్టి, "గా ఒక్క పారా నా పేర నువ్వు నిలవడి విను," అంది. ఏడుస్తూ తల ఊపాను.

తర్వాత ఎల్బీనగర్ వైపు సొంతిల్లు కట్టుకున్నాం. ఇప్పుడు మా గల్లీ మసీదులో ఆడవాళ్లకు పైన విడిగా హాలుంది, ఏసీ ఉంది, నాలాంటివాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. డాక్టరు నిలబడొద్దన్న దగ్గరి నుంచి నేనూ కుర్చీలోనే చదువుతున్నాను, ఒక్క పదమూడో రాత్రి తప్ప. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే దుప్పటి సంగతి కూడా చెప్పాలి కదా.

మొన్నటిది పదమూడో రాత్రి. మా కోడలు చెయ్యి పట్టుకుని మసీదు మెట్లెక్కించింది. కుర్చీ లాగబోతే వద్దన్నాను, వింతగా చూసింది. మర్యం సూరా మొదలైంది. మోకాళ్లు మండిపోయాయి గానీ ఇరవై రకాతులూ నిలబడ్డాను. పరీక్ష పేపర్లు ఏవీ గుర్తు రాలేదు. చేనుగట్టు ఒకటి కనిపిస్తూ ఉంది. తిరిగి వచ్చేటప్పుడు, ఇక ఉండబట్టలేక, నన్నెందుకు లేపావని అడిగాను.

"లేపొద్దనే అనుకున్న అమ్మీ. మీ కాళ్లు జూసి పానం ఉసూరుమన్నది. తలుపు దాకా పోయిన. నిద్ర మీది, నమాజు మీది, నడుమ నేనెవరు ఫైసలా చేయనీకి అనిపించి మళ్లొచ్చిన."

అప్పుడు, వీధి దీపం కింద ఆగి, దుప్పటి సంగతితో సహా అంతా చెప్పాను. వింటున్నంతసేపూ తను నా చెయ్యి వదల్లేదు. రంజాన్ మళ్లీ మామిడి పూత కాలానికి తిరిగి రావడానికి ముప్పై మూడేళ్లు పట్టింది. తలుపు దాకా వెళ్లిన కోడలు వెనక్కి తిరిగి రావడానికీ మా ఇంట్లో అంత కాలమే పట్టింది.