కృత్తికల్లో తప్పిపోయిన సోడియం

2003లో అజ్మాన్ శివార్లలోని ఒక కళాశాల అబ్జర్వేటరీలో సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా చేరాను. టెలిస్కోపుకు తగిలించిన స్పెక్ట్రోగ్రాఫ్‌తో నక్షత్రాల కాంతిని విడదీసి, ఏ నక్షత్రంలో ఏ మూలకం ఎంత ఉందో లెక్కగట్టడం నా పని. మా ముదీర్, అంటే అరబ్బీలో డైరెక్టరు, కడపాయన; అందరికీ డాక్టర్ సాబ్. నా కాంట్రాక్టు పొడిగింపు ఆయన సంతకం మీదే ఆధారపడి ఉండేది.

అప్పట్లో కృత్తికల్లోని చిన్న నక్షత్రాలను పరిశీలిస్తున్నాం. ఒకే మేఘంలో పుట్టిన తోబుట్టువులు కనుక వాటి రసాయన కూర్పు దాదాపు ఒకేలా ఉండాలి. ఉంది కూడా, ఒక్కదానికి తప్ప. సోడియం ఉన్నచోట పడవలసిన నల్లగీత అందులో వెలిసిపోయి కనిపించింది. అది ఆ ఇంటి బిడ్డే కాదని డాక్టర్ సాబ్ తేల్చేశారు. సదస్సుకు వ్యాసం సిద్ధం చేసి, ప్రేమకొద్దీ నా పేరు కూడా చేర్చారు.

ఆ నక్షత్రం స్పెక్ట్రం తీసిన సాయంత్రం నాకు బాగా గుర్తు. పద్ధతి ప్రకారం ప్రతి నక్షత్రం తర్వాత పక్కనున్న ఖాళీ ఆకాశాన్నీ తీసి, ఆ వెలుగును లెక్కలోంచి తగ్గించాలి. ఆ రోజు తీయలేదు. రంజాన్ నెల. ఖర్జూరంతో ఉపవాసం విడిచి డోమ్‌లోకి వచ్చిన డాక్టర్ సాబ్, పక్క స్థలంలోని ఇఫ్తార్ డేరాలో గోధుమలూ మాంసం కలిపి వండే హరీస్ అయిపోతుందని కంగారుపడి, "యల్లా" అంటూ అందరినీ లాక్కుపోయారు. మర్నాడు డేరా దీపాలు ఆర్పేశాక తీసిన ఖాళీ ఆకాశంతో సరిపెట్టాం. డేరా చుట్టూ ఆ పూటంతా పసుప్పచ్చటి సోడియం దీపాలే. వాటి వెలుగు నల్లగీతను పూడ్చేసింది.

నోటితో చెబితే వినే మనిషి కాదాయన. నాకు చిలిపి బుద్ధి పుట్టింది. డేరా దీపాలు వెలిగాక దాని మీది ఖాళీ ఆకాశాన్ని స్పెక్ట్రం తీసి, అది దేనిదో రాయకుండా మర్నాడు సాయంకాలపు అసర్ నమాజు కాగానే ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఏమబ్బా, సోడియం ఇట్ల ఎలిగిపోతాండే చుక్క యాడ దొరికె నీకు?"

"చుక్క కాదు సార్. మనం హరీస్ తిన్న డేరా."

ఆయన నవ్వలేదు. ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, నన్ను బయటికి పొమ్మని చెయ్యి ఊపారు. నేను మనసులో పెట్టె సర్దేసుకున్నాను. ఇఫ్తార్ అయ్యాక చేతులు తుడుచుకుంటూ పిలిచారు.

"వ్యాసం ఖలాస్. నువ్వు ఈడ ఉన్నన్ని రంజాన్లూ, మేం తినేటప్పుడు ఖాళీ ఆకాశం తీసేది నువ్వే."

కాంట్రాక్టు నిలిచిందనీ, వేడి హరీస్ పోయిందనీ ఒకేసారి అర్థమైంది.

ఆకాశంలో వింత కనబడితే ముందు పక్క స్థలంలోని దీపాలు చూడాలని అప్పుడు తెలుసుకున్నాను. ఉపవాసంలో ఉన్న ముదీర్‌కు ఆయన తప్పు చూపించదలిస్తే, ఇఫ్తార్ అయ్యేదాకా ఆగాలి.