చెవి దగ్గర మిరపకాయ

మా పెదనాన్న ఎవరి మాటా నమ్మేవాడు కాదు. గురజాల దగ్గర మా కల్లంలో మిరపకాయలు ఎండాయని కూలీలు చెప్పినా, ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపేవాడు. లోపల గింజలు గలగలమంటేనే ఒప్పుకునేవాడు.

ఓ రోజు పెద్దమ్మకు కొరియర్‌లో పుస్తకం వచ్చింది. రష్యా అమ్మాయి ప్రేమకథ, ఎప్పుడో ఫ్రాన్సులో రాసిన నవలకు తెలుగు అనువాదం.

"రష్యానా? ఎర్రజెండా వాళ్ళదిగా! మనింటికి ఎవరు పంపిచ్చారు?" అంటూ దాన్నీ చెవి దగ్గర ఊపాడు. చప్పుడూ రాలేదు, లోపల్నుంచి ఏమీ రాలలేదు. అయినా అనుమానం తీరక, "ఏమే, నువ్వు పైకి చదువు, నేనింటా" అని నాకిచ్చాడు.

కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని చదివాను. ఆ అమ్మాయిని కట్టుకున్న జమీందారు ఆమె ఉత్తరాలు విప్పి చూస్తాడు, ఎక్కడికెళ్ళినా వెనకే మనిషిని పంపుతాడు. చివరికి ఆమె పెట్టె సర్దుకుంటుంది.

"వాడేందే, చానా అనుమానపోడు" అన్నాడు పెదనాన్న. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ రంగుపోయిన తాలుకాయలు పక్కకు వేస్తూనే ఉంది.

పెదనాన్న ఓ కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు: "ఆ పిల్ల పోయిద్దా, ఉండిద్దా?"

నేను పేజీ తిప్పబోయాను. పెద్దమ్మ పుస్తకం మూసేసి, "రేపు చదువుదువులే" అంది.

పెదనాన్న చేతిలోని కాయ చెవి దగ్గరే ఉంది. ఊపడం మర్చిపోయాడు.