ద్వారపాలకుడి యాస

కర్నూలుకు రాజధాని వచ్చిన ఏడాది కోస్తా గుమాస్తాల పిల్లలతో తరగతి నిండిపోయింది. తెలుగు అయ్యవారు మల్లికార్జునప్ప తెల్లవార్లూ ఆడే పద్యనాటకాన్ని పావుగంట హాస్యంగా కుదించి వాళ్లకు రుచి చూపించేవాడు. కండువా కిరీటమయ్యేది, బెత్తం ఖడ్గమయ్యేది. రాజుకు గ్రాంథికం పెట్టి, ద్వారపాలకుడికి ఆదోని పల్లెల యాస పెట్టాడు. "యాడికప్పా పోతాండావు? రాజు పండుకోనుండాడు" అనగానే తరగతి గొల్లుమనేది. ఆ యాసను తన నాలుక మీంచి చెరిపేసుకోవడానికి ఆయనకు పదేళ్లు పట్టిందని ఎవరికీ తెలియదు.

ఒకరోజు ఆదోని వైపు నుంచి కొత్తగా చేరిన ఉరుకుందప్పకు ద్వారపాలకుడి వేషమిచ్చాడు. వాడు చేతులు కట్టుకుని, "ఎక్కడికి వెళ్తున్నారు? రాజుగారు నిద్రిస్తున్నారు" అని అప్పజెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

"అట్లా కాదు. మీ ఊళ్లో మాట్లాడినట్టు చెప్పు."

"మా ఊర్లో ఆ మాటకు ఎవురూ నవ్వరు సార్."

అయ్యవారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. వెళ్లి కూర్చోమనబోతే, "శానా బాగా చెప్తివప్పా, పోయి కుచ్చో" అని నోట వచ్చేసింది. నాటకమే అనుకుని తరగతంతా గొల్లుమంది. ఉరుకుందప్ప మాత్రం నవ్వకుండా, "మీది యా ఊరు సార్?" అని ఆశగా అడిగాడు.

ఆయన నల్లబల్ల వైపు తిరిగి, "కర్నూలే" అన్నాడు.